సైకిలు, లేడీస్ సైకిలు: ఒక అడ్డకడ్డీ చరిత్ర

మన భాషలో సైకిలు ఉంది, లేడీస్ సైకిలు ఉంది. మగవాళ్ళు తొక్కేదాన్ని ఎవరూ 'జెంట్స్ సైకిలు' అనరు, అంగట్లో రెండూ పక్కపక్కన పెట్టి బేరమాడుతున్నప్పుడు తప్ప. రచయిత అంటే మగవాడే అనీ, ఆడమనిషి అయితే రచయిత్రి అని విడిగా చెప్పాలనీ అనుకునే భాష గురించి మనం ఏళ్ళ తరబడి వాదించుకున్నాం. కవిత్వం దగ్గర పట్టుకున్న ఆ కిటుకును ఇనప వస్తువుల దగ్గర అంతగా పట్టించుకోలేదు. కుట్టుమిషను, మిక్సీ, గ్రైండరు ఆడవాళ్ళవి. సైకిలు, స్కూటరు, ట్రాక్టరు మగవాళ్ళవి. ఈ భాగాలు ఎవరు పంచారు, ఎప్పుడు పంచారు అన్న ప్రశ్న నాకు పుస్తకాల్లో ఎదురుకాలేదు. మా అక్క వల్ల ఎదురైంది.

అక్క చిలమత్తూరు మండలంలోని ఒక పల్లెలో ఉంటుంది. వయసు నలభై ఒకటి. హిందూపురం దగ్గర ఒక బట్టల ఫ్యాక్టరీలో మిషను మీద పని. ఫ్యాక్టరీ బస్సు పల్లెలోకి రాదు. మూడు కిలోమీటర్ల అవతల మెయిన్ రోడ్డు మీద ఆగుతుంది. పోయేటప్పుడు నలభై నిమిషాలు, వచ్చేటప్పుడు నలభై నిమిషాలు నడక. నెలకు ఇరవయ్యారు పనిదినాలు వేసుకుంటే ముప్పైనాలుగు గంటల పైచిలుకు. అంటే నాలుగు షిఫ్టుల కన్నా ఎక్కువ కాలం, కూలి లేకుండా, ఎండలో. "నాకొక సైకిలు కావల్ల పాపా. నువ్వు పుస్తకాలు సూసేదానివి గదా, ఏది మేలో సూసి సెప్పు" అన్నది. సాహిత్యంలో డాక్టరేట్ చేసినందుకు మా ఇంట్లో నాకు దక్కిన మొదటి గౌరవం అదే.

రోజూ పనికి పోయిరావడానికి పనికొచ్చే సైకిలు ఏది? ఎత్తు ఎంత, బరువు ఎంత, క్యారియర్ ఉందా, లైటు ఉందా అని లెక్కలు వేసుకుంటూ కూర్చుంటే ఒక్కో భాగం వెనకా ఒక్కో చరిత్ర కనబడింది. అన్నిటికన్నా ముందు అడ్డకడ్డీ. సీటు కింది నుంచి హ్యాండిల్ దాకా నేలకు సమంగా పోయే ఆ గొట్టం.

ఇప్పుడు మనం చూసే సైకిలు రూపం 1885లో ఇంగ్లండులోని కోవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్'తో స్థిరపడింది. అంతకుముందు ఉన్న పెద్దచక్రం బండి ఎక్కాలంటే గారడీవాడి నేర్పు కావాలి. రోవర్‌కు రెండు చక్రాలూ దాదాపు సమానం, వెనక చక్రాన్ని గొలుసు తిప్పుతుంది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. ఆ తర్వాతే ఆడవాళ్ళు పెద్ద సంఖ్యలో సైకిలెక్కారు. ఎక్కగానే వచ్చిన తగువు బట్టల గురించి. మడమల దాకా వేలాడే గౌను అడ్డకడ్డీ మీదుగా దాటదు. రెండు దారులున్నాయి. బట్టలు మార్చడం, లేదా బండిని మార్చడం. పొడుగు గౌన్లకు బదులు వదులు లాగులు వేసుకోవాలని పోరాడిన ఆడవాళ్ళు అక్కడ ఉన్నారు, రేషనల్ డ్రెస్ సొసైటీ 1881 నుంచే ఉంది. కంపెనీలు మాత్రం రెండో దారి పట్టాయి. అడ్డకడ్డీ తీసేసి, గొట్టాన్ని కిందికి వంచి, గొలుసుకు డబ్బా తొడిగి, వెనక చక్రానికి దారాల వల అల్లి 'లేడీస్ సైకిలు' అన్నాయి.

సైకిలు చట్రంలో బలమంతా త్రికోణాల్లో ఉంటుంది. అడ్డకడ్డీ తీసేస్తే ముందు త్రికోణం విడిపోతుంది. ఆ బలం తిరిగి తేవడానికి మిగిలిన గొట్టాలు మందంగా వాడాలి, లేదా ఇంకో గొట్టం కలపాలి. అంటే బండి బరువెక్కుతుంది. ఆడవాళ్ళు సుకుమారులు కాబట్టి వాళ్ళకు విడిగా బండి చేశామని చెప్పి, మగవాళ్ళ బండి కన్నా బరువైనది చేతికిచ్చారు. గౌను మారకుండా ఉండటానికి కట్టిన సుంకం అది. కట్టింది ఆడవాళ్ళ తొడకండరాలు.

వైద్యులు తమ వంతు చేశారు. సైకిలు తొక్కితే మొహం బిగుసుకుపోయి 'సైకిలు మొహం' వస్తుందని 1890లలో రాశారు. 1896లో సుసాన్ బి. ఆంటొనీ ఒక న్యూయార్క్ పత్రికతో మాట్లాడుతూ, ఆడవాళ్ళ విముక్తికి లోకంలో మరేదీ చేయనంత మేలు సైకిలు చేసిందన్నది. ఆ మరుసటి ఏడాదే, 1897 మే నెలలో, ఆడవాళ్ళకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని కేంబ్రిడ్జిలో ఓటింగు జరిగినప్పుడు, మగ విద్యార్థులు సైకిలెక్కిన ఆడమనిషి బొమ్మను వీధి మీద వేలాడదీసి గేలిచేశారు. తీర్మానం ఓడిపోయింది. కేంబ్రిడ్జి ఆడవాళ్ళకు పూర్తి డిగ్రీలు 1948 దాకా ఇవ్వలేదు. చదువుకున్న స్త్రీని గేలిచేయడానికి వాళ్ళు చేతికి పుస్తకం ఇవ్వలేదు, సైకిలెక్కించారు. ఏది ప్రమాదమో వాళ్ళకు బాగానే తెలుసు.

మన దేశానికి ఈ బండి బ్రిటిష్ పేర్లతో ఓడల్లో వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత 1949లో మద్రాసులో టి.ఐ. సైకిల్స్, 1951లో సోనేపట్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో మొదలయ్యాయి. పేర్లు మారినా బండి మారలేదు. 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, ఇరవై కిలోలు దాటే బరువు. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో రాసిన 'ఎవ్రీడే టెక్నాలజీ'లో సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, రైసుమిల్లు కలిసి భారతదేశపు ఆధునికతను ఎలా రూపుదిద్దాయో వివరించాడు. ఆ నాలుగింట్లో మా అక్క కాలు ఆడించేది కుట్టుమిషను మీద. కాళ్ళు అంతసేపు ఆడించినా ఉన్నచోటే ఉంచే యంత్రం అది.

స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చూపిన దారిలో, చరిత్ర కావాలంటే ఆడవాళ్ళను కూర్చోబెట్టి అడగాలి కదా. మా వైపు పల్లెల్లో మా అమ్మ ఈడువాళ్ళను అడిగాను. మీరెప్పుడైనా సైకిలు తొక్కారా? చాలామంది నవ్వారు. కొందరు, పెళ్ళికి ముందు, పదేళ్ళ వయసులో, అన్నల సైకిలు దొంగతనంగా తీసి, కడ్డీ కిందినుంచి కాలు దూర్చి వంకరగా తొక్కామన్నారు. ఆ తొక్కుడు మగపిల్లలకు ఒక మెట్టు. ఆ తర్వాత కడ్డీ మీదికీ, ఆ తర్వాత సీటు మీదికీ ఎక్కుతారు. ఆడపిల్లలకు చివరి మెట్టు అదే. పెద్దమనిషి కాగానే సైకిలు దిగారు. ఎందుకు దిగారంటే ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. "ఆడపిల్ల కడ్డీ మింద కాలెత్తి ఎక్కితే ఊరంతా సూడదా" అని మా చిన్నమ్మ తేల్చేసింది. ఆ ఒక్క మాటలో లేడీస్ సైకిలు చరిత్ర మొత్తం ఉంది. కాకపోతే మా పల్లెల్లో లేడీస్ సైకిలు కొనేంత డబ్బు ఎవరికీ లేదు. కరువు సీమలో ఇంటికి ఒక సైకిలు ఉంటే గొప్ప. ఆ ఒక్కటీ నాయనకో అన్నకో పనికొచ్చేదై ఉండాలి.

మా ఇంట్లోనూ ఒకటుండేది. 1997లో అక్క ఏడో తరగతి పాసయింది. హైస్కూలు ఐదు కిలోమీటర్లు. మా అన్న ఆ సైకిలు మీద అదే బడికి పోయేవాడు. చెల్లెల్ని వెనక కూర్చోబెట్టుకుని పోరా అని అవ్వ అన్నదట. వాడికి స్నేహితుల ముందు సిగ్గు. అక్కే తొక్కుకుంటూ పోవచ్చన్న ఊహ ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, అవ్వకు కూడా, అక్కకు కూడా. అక్క చదువు అక్కడ ఆగింది. నేను హైస్కూలు ఈడుకొచ్చేసరికి మా దారికి బస్సు పడింది. నా డాక్టరేట్ వెనక ఒక ఎర్రబస్సు ఉంది.

సైకిలు మాకు కనబడలేదని కాదు. తెలుగుదేశం పార్టీ 1983 ఎన్నికల్లో సైకిలు గుర్తు మీద గెలిచింది. ఎన్.టి. రామారావు 1985, 1989, 1994లలో హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యాడు. మా వైపు గోడ గోడకూ సున్నం మీద పసుపురంగు సైకిలు ఉండేది. ఆడవాళ్ళకు ఆస్తిలో సమాన వాటా ఇస్తూ 1986లో రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది ఆ పార్టీ ప్రభుత్వమే. ఆ మేలు ఒప్పుకుంటూనే ఒక మాట: గోడల మీద నేను చూసిన సైకిళ్ళన్నిటికీ అడ్డకడ్డీ ఉంది. సైకిలు అంటే అదే.

ఆ కడ్డీ దాటకూడనిది ఆడవాళ్ళకు మాత్రమే కాదు. దక్షిణాది పల్లెల్లో దళితులు పెద్దకులాల వీధుల్లో సైకిలు దిగి నడిపించుకుంటూ పోవలసిన కాలం ఎంత దీర్ఘమో చెప్పడానికి ఒక్క చట్టం చాలు. షెడ్యూల్డు కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది. దాన్ని 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమల్లోకి తెచ్చినప్పుడు, బహిరంగ ప్రదేశాల్లో సైకిలు, మోటారు సైకిలు తొక్కనీయకపోవడాన్నీ, చెప్పులు, కొత్త బట్టలు వేసుకోనీయకపోవడాన్నీ నేరాల జాబితాలో పేరుపెట్టి చేర్చారు. స్వాతంత్ర్యం వచ్చిన అరవై ఎనిమిదేళ్ళకు శాసనంలో సైకిలు పేరు రాయాల్సివచ్చింది. సైకిలు 'స్త్రీ విముక్తి వాహనం' అని మనం సంబరంగా రాసే ముందు, ఏ వీధి స్త్రీ, ఏ వీధిగుండా అని అడగక తప్పదు. మా పల్లెలో అక్క బస్సు దగ్గరికి పోయే దారి రెండు వాడల మధ్యగా పోతుంది. మాది తిట్టించుకునే కులం కాదు. అదే బస్సు ఎక్కే మరో నలుగురిది అవును. వాళ్ళు కూడా ఇప్పుడు సైకిళ్ళ ధరలు అడుగుతున్నారు.

అడ్డకడ్డీ కథ తలకిందులైన చోటు ఒకటుంది. తమిళనాడులోని పుదుక్కోట్టై. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం 'అరివొళి ఇయక్కం' సాగుతున్నప్పుడు, కలెక్టరు షీలారాణి చుంకత్ చదువుతో పాటు సైకిలు నేర్పడాన్నీ కలిపింది. అక్షరాలు నేర్పే కార్యకర్తలు ఊరూరా తిరగాలి, తిరగాలంటే బండి కావాలి. అక్కడ మొదలై కూలీలు, రాతిక్వారీ కార్మికులు, నర్సులు లక్షమందికి పైగా నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశాడు. ఆ వ్యాసం 1996లో వచ్చిన 'ఎవ్రీబడీ లవ్స్ ఎ గుడ్ డ్రాట్'లో ఉంది. అందులో అందరూ గుర్తుపెట్టుకునేది ఆ సంఖ్య. నాకు ముఖ్యమనిపించింది వేరే. లేడీస్ సైకిళ్ళకు కొరత వచ్చి ఆడవాళ్ళు జెంట్స్ సైకిళ్ళే తొక్కారు. తొక్కాక కొందరికి అవే మేలనిపించాయి. ఎందుకంటే కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు. ఇంగ్లండు కంపెనీలు స్త్రీత్వాన్ని కాపాడటానికి తీసేసిన కడ్డీని, పిల్లల తల్లులు పిల్లల కోసమే తిరిగి తెచ్చుకున్నారు. స్త్రీకి ఏం కావాలో ఊహించి చేసిన వస్తువుకీ, ఆమెను అడిగి చేసిన వస్తువుకీ తేడా ఇంత ఉంటుంది.

ఇంచుమించు ఆ రోజుల్లోనే మన నెల్లూరులో అక్షరాస్యత తరగతులు దూబగుంట ఆడవాళ్ళను సారా మీదికి నడిపించాయి. ఒకేలాంటి ఉద్యమం అక్కడ సైకిలైంది, ఇక్కడ సారా వ్యతిరేక పోరాటమైంది. మనం దాన్ని గురించి చాలా రాసుకున్నాం, రాయవలసిందే. కానీ సారా అంగడి మూయించడానికి కట్టకట్టుకుని నడిచిన ఆ ఆడవాళ్ళకు, ఆ మర్నాడు ఒక్కరుగా ఎక్కడికైనా పోవడానికి ఏముంది అని మనం అడగలేదు.

తర్వాత ప్రభుత్వాలు ఆడపిల్లలకు సైకిళ్ళు ఇవ్వసాగాయి. మాకు కూతవేటు దూరంలోని బాగేపల్లి కర్ణాటకలో ఉంది. ఆ రాష్ట్రం 2006-07లో ఎనిమిదో తరగతి పిల్లలకు సైకిళ్ళ పథకం పెట్టింది. అదే 2006లో బీహార్ తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు రెండేసి వేల రూపాయలు ఇచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ 2017లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఆ పథకం వల్ల హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు, మగపిల్లలతో అంతరం 40 శాతం తగ్గింది. బడి మూడు కిలోమీటర్ల పైన ఉన్న ఊళ్ళలోనే ఎక్కువ ఫలితం. అక్క బడి ఐదు కిలోమీటర్లు. మన రాష్ట్రంలో 2017 ప్రాంతంలో 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చారు. అది ఎక్కువ ఏళ్ళు సాగలేదు. ఆ పథకాలన్నిటిలో సైకిలు బడిపిల్లది. బడి మానగానే, పెళ్ళి కాగానే, ఆమెకు సైకిలు అవసరం ఉంటుందని ఏ ప్రభుత్వమూ అనుకోలేదు. పెళ్ళయిన ఆడది నడుస్తుంది, లేదా మొగుడి బండి వెనక పక్కకు తిరిగి కూర్చుంటుంది. ఆ కూర్చోవడానికి చట్టం కూడా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవాళ్ళ బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రానికి అడ్డు పెట్టాలంటుంది. శారీగార్డు అని మనం పిలిచేది అదే. సైకిలు తొక్కే చీరకు మాత్రం అలాంటి రక్షణ అంగట్లో అడిగి వేయించుకుంటేనే.

లెక్కల్లోనూ అంతే. 2011 జనాభా లెక్కల్లో పనికి ఎంత దూరం, ఎలా పోతున్నారని అడిగారు. అయితే రైతుల్నీ, వ్యవసాయ కూలీల్నీ, ఇంటి పరిశ్రమల్లో పనిచేసేవాళ్ళనీ వదిలేశారు. అనంతపురం పల్లెల్లో ఆడవాళ్ళు వేరుశనగ చేలకు పోయే నడక ప్రయాణం కిందికే రాలేదు. ఫ్యాక్టరీలో చేరాక అక్క నడక మాత్రం లెక్కలోకి రావచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. కర్ణాటకలో 2023 జూన్ నుంచే ఉంది. అక్క ఆదివారాలు హిందూపురం పోయివస్తుంది, లేపాక్షి చూసివచ్చింది. కానీ బస్సు ఆగే చోటికి టిక్కెట్టు ఎవరూ ఇవ్వరు కదా. ఆ మూడు కిలోమీటర్లే మిగిలాయి. ఇటు చూస్తే, హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల నీడతో ఇరవైమూడు కిలోమీటర్ల సైకిలు దారి వేశారు. పొద్దున కారులో సైకిలు పెట్టుకుని అక్కడికి పోయి తొక్కుతారట. పన్నులు కూడా చిత్రమే. 2019 ఆగస్టు నుంచి బ్యాటరీ స్కూటరు మీద జి.ఎస్.టి. 5 శాతం. సైకిలు మీద మాత్రం 2025 సెప్టెంబరు దాకా 12 శాతం.

ఇక అక్క సైకిలు. అంగడాయన చూపించినవి గులాబీరంగు లేడీస్ సైకిళ్ళు, ముందు చిన్న బుట్టలు. బుట్టలో టిఫిన్ డబ్బా పడుతుంది, నీళ్ళ సీసా పడుతుంది. వెనక క్యారియర్ లేదు. మేత మోపు, రేషన్ బియ్యం, మంచానపడిన అత్తను ఆసుపత్రికి తీసుకుపోవడం ఆ బుట్టలో పట్టవు. 2020 లాక్‌డౌనులో పదిహేనేళ్ళ బీహార్ అమ్మాయి గాయపడిన తండ్రిని వెనక ఎక్కించుకుని గురుగ్రామ్ నుంచి దర్భంగా దాకా సుమారు 1200 కిలోమీటర్లు తొక్కింది. అందరూ ఆమె కాళ్ళను మెచ్చుకున్నారు, క్యారియర్‌ను ఎవరూ తలచుకోలేదు. అందుకని మొదట గట్టి ఇనప క్యారియర్, రెండు వైపులా కాళ్ళుండే స్టాండు. ఒంటి కాలి స్టాండు మీద బరువు పెడితే బండి ఒరిగిపోతుంది.

మాది మిట్టపల్లాల నేల. ఆషాఢంలో ఎదురుగాలికి మనిషి నడవడమే కష్టం. మామూలు సైకిలుకు ముందు చక్రానికి 48 పళ్ళు, వెనక 18. చక్రం 28 అంగుళాలైతే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి బండి దాదాపు ఆరు మీటర్లు పోతుంది. చదునైన రోడ్డు మీద వడిగా పోయే మగవాడి లెక్క అది. చక్రం 26 అంగుళాలు, ముందు 44, వెనక 20 పళ్ళు వేయిస్తే చుట్టుకు నాలుగున్నర మీటర్లే వస్తాయి. వేగం తగ్గుతుంది, మిట్ట ఎక్కేటప్పుడు మోకాళ్ళు బతుకుతాయి. ఫ్రీవీల్ మార్చడానికయ్యేది కొద్ది డబ్బే. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. దారంతా కంపచెట్లు, పల్లేరు ముళ్ళు. కాబట్టి మందం టైరు, గాలి పంపు, పంక్చరు సామాను, వాటితో పాటు ట్యూబు తీసి వేయడం రావాలి. పంక్చరు వేయించుకోవడానికి ఆడది చీకట్లో ఎవరి అంగడి ముందు కూర్చుంటుంది?

లైటు గురించి అక్కే చెప్పింది. నేను పాత డైనమో మంచిదన్నాను, బ్యాటరీ ఖర్చుండదని. "నిలబడితే ఆరిపోతాది గదా. నేను నిలబడినప్పుడే నాకి వెలుగు కావల్ల" అన్నది. చక్రం తిరిగితేనే వెలిగే దీపం, ఆగాల్సిన అవసరం రాని మనిషి కోసం చేసింది. కుక్క అడ్డమొచ్చినా, ఎవడో అడ్డమొచ్చినా, గొలుసు ఊడినా ఆడమనిషి ఆగేది చీకట్లోనే. చార్జింగు పెట్టే ఎల్.ఇ.డి. లైటు తీసుకున్నాం, వెనక ఎర్రదీపం కూడా.

కడ్డీ సంగతి చివరికి మిగిలింది. చీర కట్టుకుని తొక్కాలంటే కడ్డీ లేనిదే సుఖం. ఫ్యాక్టరీకి అక్క చుడీదారు వేసుకుంటుంది. పల్లెలో నుంచి చీరలో బయల్దేరి ఫ్యాక్టరీలో మార్చుకునేవాళ్ళూ ఉన్నారు. అక్క రెండూ ఎక్కి దిగి చూసింది. అంగడాయన "లేడీసుదే తీసుకో మ్మా, అదే మర్యాదగా ఉంటాది" అన్నాడు. అక్క ఆయన వైపు చూడకుండా కడ్డీ మీద చేయి పెట్టి నొక్కి చూసింది. ఆమె కూతురు బిడ్డకు ఇప్పుడు రెండేళ్ళు. కడ్డీకి తగిలించే చిన్న సీటు ఉందా అని అడిగింది. ఉంది. దాని ధర మూడు వందలన్నాడు, అక్క రెండు వందలకు అడిగింది. నేర్పడానికి అదే బస్సెక్కే నలుగురిలో ఒకావిడ వస్తానన్నది, ఆమె బాగేపల్లి బడిలో చదివినప్పుడు నేర్చుకుందట. ఆ నలుగురూ కలిసి ఇంకొకటి కొనాలని చీటీ వేసుకున్నారు.